ఊఁ కొట్టడం నేర్పిన ఆవిడ

ఆవిడ సంస్మరణ సభలో నాకు మైకు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదయిందని ఇంటికొచ్చాక మా ఆవిడ అంది. నా చేతికి మైకిస్తే చనిపోయినవాళ్ళు కూడా లేచొచ్చి "అలా జరగలేదండీ" అని సర్ది చెప్పుకోవాల్సి వస్తుందని న్యూజెర్సీలో మావాళ్ళందరికీ ఒక నమ్మకం. అందులో అబద్ధమేమీ లేదు.

అమెరికన్ల చర్చి ఒకదాన్ని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని తెలుగులో ఆరాధన జరుపుకునే సంఘం వాళ్ళది. పాస్టరుగారు ఆవిడ పుట్టిన ఊరు, చదివిన చదువు, ఈ దేశం వచ్చిన సంవత్సరం, చేసిన ఉద్యోగాలు వరసగా చదివారు. మంచివారు, శ్రద్ధగా చదివారు. కానీ వింటుంటే ఎవరిదో రెజ్యుమే చదువుతున్నట్టుంది. అందులో ఆవిడ ఎక్కడా కనిపించలేదు. తర్వాత నలుగురు లేచి ఆవిడ ఎంత సేవ చేసిందో చెప్పారు. సేవ అన్న మాట ఆవిడకి గిట్టదు. ఎవరైనా ఆ మాట అంటే "సేవ కాదండి, ఉద్యోగం. జీతం తీసుకుంటాను, తప్పు చేస్తే లైసెన్సు పోతుంది" అనేది. చనిపోయిన మనిషి కాబట్టి ఆ రోజు అడ్డు చెప్పలేకపోయింది.

పేరు రాయను. బతికినన్నాళ్ళూ ఎవరి పేరూ బయటపెట్టని మనిషి. ఆవిడ పేరు నేను బయటపెడితే బాగుండదు.

ఆవిడ ఒక ఆసుపత్రిలో సోషల్ వర్కర్. డాక్టర్లు చేయగలిగింది అయిపోయాక, ఆ మనిషి మంచం దిగి ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు అన్నం పెడతారు, వెళ్ళిన చోట కొడతారా, ఇవన్నీ చూసే ఉద్యోగం. "వెళ్ళడానికి చోటు లేనివాళ్ళని పంపించడం నా పని" అని ఒకసారి నాతో అంది. నవ్వుతూ అన్న మాటేమీ కాదు. ఇన్సూరెన్సు వాళ్ళు మంచం ఖాళీ చేయమంటారు, షెల్టరు వాళ్ళు మంచం లేదంటారు. ఈ రెండు ఫోన్ల మధ్య ఆవిడ పగలంతా గడిచేది.

ఆవిడ మాటల గురించి కంటే ఆవిడ ఊఁ గురించి ఎక్కువ రాయొచ్చు. పొట్టలోంచి వచ్చే ఒక ఊఁ ఉండేది, నేనిక్కడే ఉన్నాను అన్నట్టు. చివర కాస్త పైకి లేచేది ఇంకొకటి, తర్వాతేమైంది అన్నట్టు. ఎదుటి మనిషి అంతకు ముందెన్నడూ ఎవరికీ చెప్పని మాటేదో చెప్పేసినప్పుడు మాత్రం సగంలో తెగిపోయే ఊఁ ఒకటి వచ్చేది. దాని తర్వాత ఆవిడ కదిలేది కాదు, కుర్చీ కూడా చప్పుడు చేసేది కాదు. "మన పిల్లలు కథ వింటూ పుట్టుకతోనే ఊఁ కొడతారు. పెద్దయ్యాక ఆ విద్య పోయి సలహాలు వస్తాయి" అనేది.

నా బోటి కోతల రాయుడికి ఊఁ కొట్టే మనిషి దొరకడమంటే మాటలు కాదు. మొదటిసారి ఒక స్నేహితుడి గృహప్రవేశంలో కలిశాం. నేను మామూలుగా నా జింక కథ ఎత్తుకున్నాను. రూట్ వన్ పక్కన కారాపి టైరు చూసుకుంటుంటే, తెరిచి ఉన్న తలుపులోంచి జింక ఒకటి ఎక్కి పక్కసీట్లో కూర్చుందనీ, సీటుబెల్టు పెట్టమని కారు కుయ్యిమంటుంటే దానికి బెల్టు కూడా పెట్టాననీ, దారిలో అది రేడియో స్టేషను మార్చమన్నట్టు చూసిందనీ, చివరికి ప్రిన్స్‌టన్‌లో దింపాననీ చెప్పాను. నవ్వాల్సిన చోట అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మొదటి నుంచి చివరిదాకా ఊఁ కొట్టి, చివర్లో అడిగింది.

"జింక దిగిపోయాక నీకెలా అనిపించిందయ్యా?"

ఈ కథ కనీసం పదిచోట్ల చెప్పి ఉంటాను. ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. "ఖాళీగా అనిపించింది" అన్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. అప్పటికి నా ఉద్యోగం పోయి కొన్నాళ్ళయింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆఫీసుకని పొద్దున్నే బయల్దేరి రూట్ వన్ మీద అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఆ సంగతి జింకకి తప్ప ఎవరికీ తెలియదు.

"మంగళవారాలు ఖాళీయేనా అయితే?" అంది, నేను చెప్పకుండానే అంతా పట్టేసినట్టు.

"ఏ వారమైనా ఖాళీయే మేడమ్."

"మేడమ్ ఏంటి, అక్కా అను. మంగళవారం రా. నీకు పనుంది. జీతం లేదు గానీ, ఇంట్లో అబద్ధం చెప్పక్కర్లేదు."

అలా నేను ప్లెయిన్స్‌బరోలో ఒక పళ్ళ డాక్టరు ఆఫీసు పైన, ఒక్క కిటికీ ఉన్న గదిలో చేరాను. కష్టంలో ఉన్న తెలుగువాళ్ళు పేరు చెప్పకుండా ఫోన్ చేసుకోవడానికి అక్కడ ఒక నంబరు నడిచేది. ఆసుపత్రిలో పని తగ్గించుకుని ఆ నంబరుని ఆవిడే మొదలుపెట్టింది. కింద పళ్ళ మిషను గుయ్యిమనేది, పైన మేం ముగ్గురం వాలంటీర్లం పాఠం నేర్చుకునేవాళ్ళం. నేనొకణ్ణి. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరై కూతురి దగ్గరుంటున్న ఒక పెద్దాయన. ఇక్కడే పుట్టి రట్‌గర్స్‌లో చదువుతున్న ఒక అమ్మాయి.

మొదటిరోజే మా ముగ్గురి నోట్లో తలొక కలకండ ముక్క వేసింది. "అది కరిగేదాకా మాట్లాడకూడదు. కొరకకూడదు కూడా. కొరికినవాళ్ళకి సలహా ఇచ్చే జబ్బు ముదిరిందని లెక్క" అంది. బ్యాంకాయన వెంటనే పటుక్కున కొరికేశాడు. అవతలి మనిషి ఫోనులో ఏడుస్తుంటే ఇవతల మన నాలుక ఎంత దురద పెడుతుందో ఆ రోజు తెలిసింది. "అడ్జస్ట్ చేసుకోవాలమ్మా" అనకూడదు. "నాకర్థమైంది" అనకూడదు, ఎందుకంటే అర్థం కాలేదు కనుక. ప్రార్థన చేద్దామా అనకూడదు. చర్చిలో ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుంటే గంటసేపు తెరవని మనిషి, ఈ గదిలో మాత్రం దేవుడి మాట ఎత్తనిచ్చేది కాదు. "ఆదివారం నేను ఆయనకి చెప్తాను. మంగళవారం వీళ్ళు నాకు చెప్తారు. రెండూ కలిపితే ఎవరి మాటా వినపడదు" అనేది.

ఇంకో రోజు బల్ల చుట్టూ కూర్చోబెట్టి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్న మాట ఒక్కొక్కర్నీ పైకి అనమంది. మనిషి ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నాడేమో అని అనుమానం వస్తే, తిన్నగా ఆ మాటే అడగాలట. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదట, దాచుకున్నవాళ్ళకి చెప్పుకునే దారి దొరుకుతుందట. బ్యాంకాయన మొహం వివర్ణమైంది.

"అమ్మా, మంగళవారం పూట ఆ మాట నా నోటివెంట రాదు. 'అలాంటి ఆలోచనలేమైనా' అంటాను, చాలదా?"

"ఎలాంటి ఆలోచనలండి? సినిమాకెళ్ళే ఆలోచనలా?"

ఆయన రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. నేను చాలా పెద్ద గొంతుతో, నాటకంలో రాజులాగా అన్నాను. "నువ్వు అడుగుతున్నావా, శపిస్తున్నావా?" అంది ఆవిడ. రట్‌గర్స్ అమ్మాయి మాత్రం "చచ్చిపోవాలని ఉందా మీకు?" అని పెన్నుందా అని అడిగినంత తేలిగ్గా అడిగేసింది. "నాకు ఆ వర్డ్‌తో ప్రాబ్లం లేదు ఆంటీ, నాకు స్కేరీగా అనిపించే వర్డ్ ఇంగ్లీష్‌లో ఉంది" అంది. ఆవిడ ఆ అమ్మాయి చెయ్యి తట్టి, మిగతా ఇద్దరి వంక చూసింది.

అన్ని నిషేధాల్లోకీ పెద్దది ఒకటుంది. ఫోన్ చేసినవాళ్ళని "మీదే ఊరు?" అని అడగకూడదు.

ఇది ఎంత కష్టమో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇండియన్ స్టోరులో బెండకాయలు ఏరుకుంటూ ఇద్దరు తెలుగువాళ్ళు తారసపడితే, బెండకాయల సంచీ నిండేలోపు మీదే ఊరు అయిపోయి, ఫలానావాళ్ళు తెలుసా అయిపోయి, మీ మేనమామ మా తోడల్లుడి క్లాస్‌మేటు అన్నదాకా వెళ్ళిపోతుంది. మనకి అదొక సంబరం. ఫోన్లో దాక్కుని మాట్లాడుతున్న మనిషికి మాత్రం అదే ఉరి. ఊరి పేరు చెప్తే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే కుటుంబం తెలుస్తుంది, ఆ తర్వాత ఎంతసేపు? "మీరు ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. ఆ ప్రేమ ఇంట్లో పెట్టి రండి" అనేది.

ఈ కాలపు కాపరాలు ఎలా ఉన్నాయో ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. "ఇప్పుడు ఆరా తియ్యడానికి అత్తగారక్కర్లేదయ్యా, డోర్‌బెల్ చాలు" అనేది. దానికి కెమెరా ఉంటుంది, గుమ్మం దాటితే మొగుడి ఫోను మోగుతుంది. కారు ఎక్కడుందో మ్యాపులో కనపడుతుంది. ఎవరికి ఫోన్ చేసిందీ ఫ్యామిలీ ప్లాను బిల్లులో ఉంటుంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఇన్సూరెన్సు కాగితం మొగుడి పేరు మీదే ఇంటికొస్తుంది. వీసా కూడా ఆయన ఉద్యోగం మీదే ఉంటుంది. ఇన్ని తాళాలున్న ఇంట్లో కూర్చున్న మనిషికి "ధైర్యంగా ఉండమ్మా" అని చెప్పడం కంటే బుద్ధిలేని పని లేదని ఆవిడ అభిప్రాయం.

అందుకే మా నంబరుని ఫోనులో ఏదో ఒక క్యాటరింగ్ పేరుతో దాచుకోమనేది. ఒకసారి ఎవరి భర్తో అనుమానమొచ్చి తిరిగి ఫోన్ చేశాడు. ఫోను దగ్గర నేనున్నాను. "ఎవరిదండీ ఈ నంబరు?" అన్నాడు. ఇక చూడండి. ముప్పైమందికి భోజనాల బేరం మొదలుపెట్టాను. గుత్తివంకాయ లేతవి ఈ వారం దొరకడం లేదన్నాను, పనసపొట్టు బిర్యానీ మా ప్రత్యేకత అన్నాను, మా వంటాయన అలిగి వెళ్ళిపోతే కాళ్ళు పట్టుకుని తెచ్చుకున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అవతలి మనిషి చివరికి ఒక కిలో జున్ను దొరుకుతుందా అని అడిగి పెట్టేశాడు. ఆవిడ పక్కనే ఉండి అంతా విన్నది. అబద్ధం ఆవిడకి సరిపడదు, ఆసుపత్రిలో అయితే నన్ను గదిలోంచి గెంటేసేది. ఇక్కడ మాత్రం, "ఇన్నేళ్ళకి నీ నోరు ఒకళ్ళకి పనికొచ్చింది" అంది.

ఆ చలికాలంలో ఒక అమ్మాయి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. మొగుడి కంపెనీ మంగళ, గురువారాలు ఆఫీసుకి రమ్మన్నది కనుక, మంగళవారాలు. అపార్ట్‌మెంట్ అడుగున అందరూ బట్టలుతుక్కునే గదిలోంచి. అక్కడైతే డోర్‌బెల్ లేదు, బట్టల బుట్టతో వెళ్తే ఎవరూ అడగరు. ఆమె గొంతు వెనకాల ఎప్పుడూ డ్రయ్యరు తిరుగుతున్న చప్పుడు వినపడేది. ఆమె ఒప్పుకున్నాక నేను కూడా రెండో హెడ్‌సెట్ పెట్టుకుని పక్కన వినేవాణ్ణి, నేర్చుకోవడానికి.

మొదటి ఫోనులో ఆమె అడిగింది ఒక్కటే. "మీరు తెలుగువాళ్ళే కదండి. మావాళ్ళకి తెలిసిపోదు కదండి?"

"నువ్వు చెప్తే తప్ప నాకేమీ తెలీదమ్మా. నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది."

పాస్‌పోర్టు అతని బ్యాంకు లాకర్లో ఉందట. చేతిలో డబ్బుండదు. కొడతాడా అంటే, "ఎప్పుడూ కాదండి" అంది. ఆ 'ఎప్పుడూ కాదు' దగ్గర ఆవిడ ఊఁ సగంలో తెగింది. ఒక మంగళవారం ఆ అమ్మాయి, "నేను లేకపోతే ఎవరికీ చెప్పుకోవాల్సిన పనుండదు కదండి" అంది. ఆవిడ వెంటనే, అదే మామూలు గొంతుతో అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

డ్రయ్యరు చాలాసేపు తిరిగింది. "అవునండి" అంది ఆ అమ్మాయి. అని, బావురుమంది. ఆవిడ ఏ ఓదార్పూ చెప్పలేదు. ఏడవనిచ్చింది. ఆ తర్వాత ఎప్పుడెప్పుడు అలా అనిపిస్తుంది, అప్పుడేం చేస్తావు, అలాంటి గడియలో ఇంకే నంబరుకి చేయొచ్చు, అన్నీ నిదానంగా మాట్లాడింది. పెట్టేశాక ఆవిడ కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. నేను ఏదో జోకు వేయబోతే చెయ్యెత్తి ఆపింది.

వారాలు గడిచాయి. ఆవిడ ఎక్కడెక్కడో అడిగి, ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఒక చోట ఆ అమ్మాయికి ఒక మంచం సంపాదించింది. ఆ మంచాల కోసం ఎంతమంది వేచి ఉంటారో నాకు అప్పుడే తెలిసింది. ఆ వారం గురువారం దాటితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. మంగళవారం ఫోనులో ఇదంతా చెప్పింది.

"గురువారం పొద్దున లైబ్రరీకి రాగలవా? పిల్లల పుస్తకాల దగ్గర కిటికీ పక్కన కూర్చుంటాను. ఆకుపచ్చ స్వెట్టరు. రావచ్చు, రాకపోవచ్చు, నీ ఇష్టం."

"వస్తానండి." ఇంత గట్టిగా ఆ అమ్మాయి ఏ మాటా అనలేదు అంతకు ముందు. "బ్యాగు తెస్తే డోర్‌బెల్‌లో కనపడుద్దండి."

"బట్టల బుట్టతో రా."

"బుట్టతో లైబ్రరీకాండి?" నవ్వింది. మొదటిసారి నవ్వింది. ఇవతల ఆవిడ కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను, శబ్దం రాకుండా. గదిలో గాలి మారినట్టయింది.

ఆ నవ్వులోనే ఆ అమ్మాయి అంది. "భయమేసినప్పుడల్లా ఇక్కడికొచ్చి కూర్చుంటానండి. ఈ డ్రయ్యరు చప్పుడు అచ్చం పంటు ఇంజను లాగుంటది. కళ్ళు మూసుకుంటే ఏరు దాటుతున్నట్టే ఉంటదండి."

పంటు అంటే, గోదావరి సముద్రంలో కలవబోయే చోట మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఒకేసారి ఎక్కించుకుని ఒడ్డు దాటించే పెద్ద బల్లకట్టు. ఆవిడ కాలేజీకి రోజూ పంటు మీద దాటి వెళ్ళిన మనిషి. నాకు ఎన్నిసార్లు చెప్పిందో, డీజిల్ వాసన, తడిసిన పరికిణీ అంచు, ఇంజను చప్పుడులో ఎవరి మాటా వినపడక అందరూ అరుచుకుంటూ మాట్లాడుకోవడం. అక్కణ్ణుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ చప్పుడు గుర్తున్న గొంతు ఒకటి ఇన్నాళ్ళకి చెవిలో పడింది.

"పంటా?" అంది. "ఏ రేవమ్మా, నర్సాపురమా? మీదే ఊరు?"

నేను తల తిప్పి చూశాను. ఆవిడ మొహం ఇంకా నవ్వుతూనే ఉంది. తనేమన్నదో తనకింకా వినపడలేదు.

డ్రయ్యరు తిరుగుతోంది.

"మీది అటువైపేనాండి?" అంది ఆ అమ్మాయి. గొంతు చిన్నదైపోయింది.

అప్పటికి ఆవిడకి వినపడింది. నేను చేతులు ఊపుతున్నాను, కాదు అనమని. నేనైతే మాది ఆదిలాబాద్ అని చెప్పి, మా తాత అక్కడ పులిని పెంచాడని కూడా చెప్పి, ఆ అమ్మాయిని మళ్ళీ నవ్వించేవాణ్ణి. కళ్ళు మూసుకునైనా చెప్పేవాణ్ణి. ఆవిడకి ఆ విద్య రాదు.

"అవునమ్మా" అంది. "అయినా నేను ఎవరికీ..."

ఫోను తెగిపోయింది.

తిరిగి చేయడానికి లేదు. ఆ ఫోను ఎవరి చేతిలో మోగుతుందో తెలియదు కనుక మేం ఎవరికీ తిరిగి చేయకూడదు. అది ఆవిడ పెట్టిన నియమమే. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. దాని తీగ చిక్కు పడిందేమో, దాన్ని విప్పుతూ చాలాసేపు కూర్చుంది. కింద పళ్ళ మిషను ఆగి మొదలై మళ్ళీ ఆగింది.

గురువారం పొద్దున ఆవిడని నేనే కారులో లైబ్రరీకి తీసుకెళ్ళాను. ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుంది. పిల్లల పుస్తకాల దగ్గర, కిటికీ పక్కన. స్ట్రోలర్లు తోసుకుంటూ మనవాళ్ళు చాలామందే వచ్చారు. ప్రతి తలుపు చప్పుడుకీ ఆవిడ తల ఎత్తేది, అమ్మాయి భయపడుతుందని వెంటనే దించుకునేది. ఒక తల్లి దగ్గరికొచ్చి, "ఆంటీ, మిమ్మల్ని చర్చిలో చూశాను, బాగున్నారా?" అని పలకరించింది. "బాగున్నానమ్మా" అంది. సాయంత్రం అక్కడి వాళ్ళు లైట్లు ఆర్పుతుంటే లేచాం. అప్పటికి ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేసి ఉంటారు.

ఆ తర్వాతి మంగళవారం బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరో చేసిన తప్పు చెప్తున్నంత నిదానంగా. ఏ మాట, ఏ క్షణంలో, ఎందుకు. బ్యాంకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రట్‌గర్స్ అమ్మాయికి ఏడుపొచ్చింది.

"ఇట్స్ ఓకే ఆంటీ. మీరు కూడా హ్యూమన్ కదా."

"నేను హ్యూమన్ అయితే ఆ పిల్లకేం లాభమమ్మా?" అంది.

మళ్ళీ ఆవిడ ఫోను ఎత్తలేదు. మాకు నేర్పేది, పక్కన కూర్చునేది, అంతే. గురువారాలు లైబ్రరీకి మాత్రం మానలేదు. మంచు కరిగింది, స్వెట్టరు అక్కర్లేని ఎండలొచ్చాయి, స్వెట్టరు వేసుకునే వెళ్ళేది. రెండుమూడుసార్లు నేను కూడా వెళ్ళాను. "అక్కా, ఆ అమ్మాయి టెక్సస్ వెళ్ళిపోయి ఉంటుంది" అన్నానొకసారి. "నీకు తెలుసా?" అంది. తెలియదు. పేపర్లో ఎక్కడైనా మన అమ్మాయి చనిపోయిన వార్త కనపడితే ముందు వయసు చూసేది, తర్వాత ఊరు చూసేది. ఆ అమ్మాయి వయసు మాకు తెలియదు. ఊరు, ఆవిడ అడిగింది, ఆ అమ్మాయి చెప్పలేదు.

ఆవిడకి పాంక్రియాస్‌లో క్యాన్సరని తెలిసేసరికి చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్ళాను. పళ్ళరసం ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్ళు బయటికెళ్ళాక, నన్ను కుర్చీ దగ్గరికి లాక్కోమంది.

"ఇన్ని అబద్ధాలు చెప్తావు కదా. ఆ పిల్లది ఒకటి చెప్పు."

చెప్పాను. నా జన్మలో అంత కష్టపడి ఏ కథా కట్టలేదు. ఆ వారమే బుట్టతో బయటికి నడిచిందనీ, వేరే లైబ్రరీకి వెళ్ళిందనీ, అక్కడ మనవాళ్ళు కాని ఎవరో సాయం చేశారనీ అన్నాను. ఇప్పుడు డాలస్‌లో పసిపిల్లల డేకేర్‌లో పనిచేస్తోందన్నాను. పసుపురంగు పాత కారొకటి కొనుక్కుందనీ, వెనక్కి తీసేటప్పుడు ఇంకా భయపడుతుందనీ అన్నాను. పెరట్లో గోంగూర వేసిందన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. ఎక్కడా ఊఁ అనలేదు. నేను ఆగాను.

"ఇంక చాలయ్యా" అంది. "మరీ బాగుంది. జరిగినదైతే ఎక్కడో ఒకచోట బాగోదు."

అదే ఆవిడ నాతో చివర మాట్లాడింది.

ఆవిడ పోయాక మా నంబరు ఎంతోకాలం నడవలేదు. కమిటీ మారింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ రోజుల్లో ఎవరండీ ఫోన్ చేసేది, అందరూ యాప్‌లోనే చెప్పుకుంటున్నారు అన్నారు. ఆ గదిని క్రికెట్ లీగు వాళ్ళు కిట్లు పెట్టుకోవడానికి తీసుకున్నారు. బ్యాంకాయన ఇండియా వెళ్ళిపోయాడు. రట్‌గర్స్ అమ్మాయి సోషల్ వర్క్ చదువుదామనుకుని, చివరికి డేటా సైన్స్‌లో చేరింది. వాళ్ళ నాన్న బతిమాలాడని విన్నాను. నంబరుని తిరిగి ఫోన్ కంపెనీకి ఇచ్చేశారు.

ఇక్కడ ఒకరు వదిలిన నంబరు కొన్నాళ్ళకి ఇంకొకరికి ఇస్తారు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. పోయిన మంగళవారం, బట్టలుతికే గదిలోంచి ఆ అమ్మాయి ఫోన్ చేసే వేళకి, నేనే ఆ నంబరుకి చేశాను. గరాజ్ తలుపులు బాగుచేసే కంపెనీ అట. రికార్డు చేసిన మగగొంతు చాలా హుషారుగా పలకరించింది. స్ప్రింగు విరిగితే ఒకటి నొక్కమంది, తలుపు తెరుచుకోకపోతే రెండు నొక్కమంది. ఆ అమ్మాయి ఎక్కడైనా ఉండి, ఆ నంబరు ఇంకా ఫోనులో దాచుకుని ఉండి, ఎన్నాళ్ళకో ధైర్యం చేసి నొక్కితే ఆమెకి వినపడేది అదే.

నేను రెండు నొక్కాను. చాలాసేపు సంగీతం వచ్చింది. ఎవరూ ఎత్తలేదు.